స్కాట్లాండ్ వెళ్ళేది బస్సులో కూర్చోడానికా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో స్కాట్లాండ్ గోల్ఫ్ యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, రాసినాయన హుషారూ బాగుంది, కానీ అది చదివి ఎవరైనా అదే ప్లానుకి డబ్బు కట్టేస్తారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను. వారం రోజుల్లో ఆరు కోర్సులు, నాలుగు హోటళ్ళు, మధ్యలో ఒక కోట, ఒక విస్కీ డిస్టిలరీ. పొద్దున్నే పెట్టెలు సర్దు, క్లబ్బుల (గోల్ఫ్ కర్రల) బ్యాగులు బస్సు డిక్కీలోకి ఎక్కించు, రెండు గంటలు ప్రయాణం చెయ్యి, నడుం ఇంకా పట్టేసి ఉండగానే మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) మీద నిలబడు, ఆడు, ఫొటో దిగు, మళ్ళీ బస్సెక్కు. ఇందులో గోల్ఫ్ ఎంత, బస్సు ఎంత అని లెక్క వేస్తే బస్సే గెలుస్తుంది.

నేనుండేది విశాఖపట్నం. మా అమ్మాయి వాళ్ళు ఎడిన్‌బరాలో ఉంటారు కాబట్టి వేసవిలో అటు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక సముద్రం ఒడ్డు ఊళ్ళో హోటలు తీసుకుని కొన్నాళ్ళు ఆడుకుని వస్తుంటాను. పెద్ద ఆటగాణ్ణేం కాదు, మా క్లబ్బులో నన్ను పార్ట్‌నర్‌గా తీసుకోడానికి జనం కాస్త ఆలోచిస్తారు. అయినా ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. లింక్స్ గోల్ఫ్ కోసం, అంటే సముద్రం ఒడ్డు ఇసుక నేల మీద ఆడే గోల్ఫ్ కోసం, అంత దూరం వెళ్ళేవాళ్ళు ఒకే ఊళ్ళో, కోర్సుకి నడిచి పోగలిగినంత దగ్గర్లో ఉన్న ఒకే హోటల్లో దిగి, ఆ ఒక్క కోర్సునే మళ్ళీ మళ్ళీ ఆడాలి. మిగతా పేరున్న కోర్సులు వదిలేసినా ఫరవాలేదు.

ఎందుకో చెప్పే ముందు ఒక చిన్న సవరణ. ఆ వ్యాసంలో గ్లెనీగల్స్‌ని కూడా లింక్స్ కోర్సుల్లో కలిపేశారు. గొప్ప కోర్సే, కాదనను, కానీ అది పెర్త్‌షైర్‌లో కొండల మధ్య ఉంది, అక్కణ్ణుంచి సముద్రం చూడాలంటే కారెక్కాలి. లింక్స్ అంటే సముద్రానికీ సాగుభూమికీ మధ్య మిగిలిపోయిన ఇసుక నేల. వేల ఏళ్ళ కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుక గాలికి మేటలు వేసి దిబ్బలైంది, దాని మీద సన్నటి మొండి గడ్డి మొలిచింది. దున్నడానికి పనికిరాదు కాబట్టి గొర్రెలు మేపుకున్నారు, కుందేళ్ళు గడ్డిని కొరికి పొట్టిగా ఉంచాయి, గాలి తగలకుండా గొర్రెలు ఒదిగి పడుకున్న గుంటలే తర్వాత బంకర్లు (ఆటకి అడ్డుగా ఉండే ఇసుక గుంటలు) అయ్యాయని చెప్పుకుంటారు. వాన నీళ్ళు ఇసుకలో ఇట్టే ఇంకిపోతాయి, నేల గట్టిగా ఉంటుంది, బంతి పడ్డాక ఆగదు, దొర్లుతూనే పోతుంది.

మనకేమో నీళ్ళు పెట్టి పెంచిన మెత్తటి గ్రీన్ల మీద, అంటే గుంతా జెండా ఉండే నున్నటి గడ్డి మీద, బంతిని ఎత్తుగా లేపి టపీమని ఆపడం అలవాటు. అక్కడ అలా లేపితే గాలి ఎత్తుకుపోతుంది, గాలి వదిలేస్తే నేల తోసేస్తుంది. గ్రీన్‌కి ఇరవై ముప్ఫై గజాల అవతలే పట్టర్ (బంతిని దొర్లించే క్లబ్బు) తీసి బంతిని నేలబారుగా దొర్లించేవాళ్ళని చూస్తే మొదట నవ్వొస్తుంది, రెండో రోజుకి మనమూ అదే పని చేస్తాం. బంకర్లు లోతుగా, నిలువు గోడలతో ఉంటాయి, గడ్డితో సహా కోసిన మట్టిపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి కడతారు, అందులో పడితే జెండా వైపు కొట్టాలన్న ఆశ మానుకుని పక్కకో వెనక్కో బయటపడడమే తెలివి. 1978లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ ఆడుతూ జపాన్ ఆటగాడు టామీ నకాజిమా సెయింట్ ఆండ్రూస్ 17వ హోల్లో (టీ నుంచి గుంత దాకా కోర్సులో ఒక్కో భాగం ఒక హోల్) అలాంటి బంకర్‌లో ఇరుక్కుని ఆ ఒక్క హోల్‌కే తొమ్మిది దెబ్బలు రాసుకున్నాడు, అంతటివాడికే అలా అయితే మనమెంత. ఇంకో మాట, జులైలో గడ్డి ఎండి గోధుమరంగుకి తిరిగి ఉంటే మెయింటెనెన్స్ లేదని మొహం చిట్లించకండి, ఆట రంజుగా ఉండేది అప్పుడే.

ఇవన్నీ ఒక్క రౌండులో ఒంటబట్టే సంగతులు కావు. ముఖ్యంగా గాలి.

నాకు బాగా తెలిసిన నార్త్ బెరిక్ సంగతే చెబుతాను. ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్లో రైలెక్కితే అరగంట పైచిలుకులో దిగిపోతాం, స్టేషన్ నుంచి కోర్సుకీ హోటళ్ళకీ నడకే. క్లబ్బు 1832 నాటిది. వెస్ట్ లింక్స్ అనే ఆ కోర్సు ఊళ్ళోంచే మొదలై సముద్రం పక్కనే పడమరగా వెళ్ళి మళ్ళీ ఊళ్ళోకి వస్తుంది. అక్కడ ఎక్కువగా వీచేది పడమటి గాలి, అంటే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. మర్నాడు గాలి తూర్పుకి తిరిగిందనుకోండి, నిన్న ఎంత బలం పెట్టి కొట్టినా అందని గ్రీన్‌ని ఇవాళ చిన్న క్లబ్బుతోనే దాటించేస్తాం, నిన్న హాయిగా ఆడుకుంటూ ఇంటికొచ్చిన హోల్స్ ఇవాళ నడ్డి విరుస్తాయి. స్కోరు కార్డులో గజాలు అవే, చేతిలోకి తీసుకోవాల్సిన క్లబ్బు మాత్రం ప్రతిచోటా మారిపోతుంది. ఒక్కసారి ఆడి బస్సెక్కేసినవాడికి ఈ రెండో కోర్సు ఉందనే తెలియదు.

అక్కడ 13వ హోల్లో గ్రీన్‌కి ముందు అడ్డంగా పాత రాతిగోడ ఉంటుంది. మన దగ్గరైతే కమిటీ మీటింగు పెట్టి కూల్చేసేవాళ్ళు, అక్కడ మాత్రం గోడ అలాగే ఉంది, సర్దుకోవాల్సింది ఆడేవాడే. బంతి గోడకి మరీ ఆనుకుని ఆగితే చేసేదేం లేదు, వెనక్కి కొట్టుకోవాలి, పక్కనున్నవాళ్ళు మర్యాదగా నవ్వు ఆపుకుంటారు. 15వ హోల్ పేరు రెడాన్, క్రిమియా యుద్ధంలో రష్యన్ల బురుజు పేరు పెట్టారు. పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్, గ్రీన్ అడ్డంగా వాలుగా పడుకుని మన నుంచి దూరంగా వంగిపోతుంటుంది, నేరుగా జెండాకి గురిపెడితే బంతి నిలవదు, కుడివైపు ముందు అంచున దింపితే అదే ఎడమకి జారుకుంటూ వెళ్తుంది. అమెరికాలో ఈ హోల్‌ని చూసి ఎన్ని చోట్ల కట్టుకున్నారో లెక్కలేదు. దీన్ని మొదటిసారి ఆడినప్పుడు మంచి షాట్ కొట్టినా ఎందుకు పోయిందో అర్థం కాదు, మూడోసారికి కాస్త లొంగుతుంది, ఆ మూడోసారి కోసమే నేను ఒకే చోట ఉండమంటున్నాను. 18వ హోల్ పక్కన రోడ్డు మీద వరుసగా కార్లు పార్క్ చేసి ఉంటాయి. అద్దాలు పగులుతాయేమోనన్న టెన్షన్ అంతా కొట్టేవాడిదే, కార్లవాళ్ళకి చీకూ చింతా ఉన్నట్టు కనిపించదు.

కోర్సు పక్కనే దిగితే ఇంకో లాభం వెలుతురు. జూన్‌లో రాత్రి పది దాటినా అక్కడ చీకటి పడదు. భోంచేసి, బ్యాగ్ లోంచి నాలుగైదు క్లబ్బులే తీసుకుని, నడుచుకుంటూ వెళ్ళి కొన్ని హోల్స్ ఆడుకుని రావచ్చు, చాలా చోట్ల సాయంత్రం రేటు కూడా తక్కువే. పగలు నలుగురేసి గుంపులు వెనకాల తరుముతుంటే ఆడినదానికీ దీనికీ పోలికే లేదు. అలాగే ఆ తూర్పు తీరంలో హార్ అని సముద్రం మీంచి పొగమంచు వస్తుంది, ఒక్కోరోజు పొద్దున ఎనిమిదికి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) ఉన్నా ఎదురుగా జెండా కాదు కదా గ్రీనే కనబడదు. బస్సు ప్లానులో ఉన్నవాడికి ఆ రోజూ ఆ డబ్బూ పోయినట్టే. పక్క హోటల్లో ఉన్నవాడు ఇంకో కాఫీ తాగి, మబ్బు విడిచాక స్టార్టర్ దగ్గరికి వెళ్ళి మర్యాదగా అడిగితే మధ్యాహ్నం ఎక్కడో ఒక సందు దొరకబుచ్చుకోవచ్చు. స్టార్టర్ అంటే మొదటి టీ దగ్గర ఎవరు ఎప్పుడు బయల్దేరాలో చూసే మనిషి. ఆయనతో మంచిగా ఉండండి.

ఇక హోటలు సంగతి. ప్యాకేజీల్లో 'సముద్రం ఒడ్డున' అన్న మాటని నమ్మేసి డబ్బు కట్టకండి. ఒక ఊళ్ళో నాకు అలాగే చెప్పి ఇచ్చిన హోటలుకీ సముద్రానికీ మధ్య పెద్ద కారవాన్ పార్కు ఉంది, కోర్సుకి వెళ్ళాలంటే పూటపూటా టాక్సీ. పేరెందుకు లెండి. బుక్ చేసే ముందు మ్యాప్ తెరిచి హోటల్ నుంచి మొదటి టీకి ఎంత నడకో మీరే చూసుకోండి. ఫోన్ చేసి డ్రయ్యింగ్ రూమ్ ఉందా అని అడగండి, స్విమ్మింగ్ పూల్ కన్నా అదే ముఖ్యం. పొద్దున వానలో తడిసిన బూట్లూ జాకెట్టూ మర్నాటికి ఆరాలి, ఫ్యాను కింద వేద్దామంటే అక్కడి గదుల్లో చాలావరకు ఫ్యాన్లే ఉండవు. పాత రాతి భవనాలు కాబట్టి కొన్నిటికి లిఫ్టు ఉండదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అదీ కనుక్కోవాలి. సముద్రం కనిపించే గదికి ఎక్కువ తీసుకుంటారు, నాకైతే కోర్సు వైపు గది ఇస్తే చాలు, లేవగానే కర్టెన్ తీసి జెండా ఎటు ఎగురుతోందో చూస్తే ఆ రోజు ఎన్ని బంతులు జేబులో వేసుకోవాలో తెలిసిపోతుంది.

మీ వ్యాసంలో పెద్ద పెద్ద రిసార్టుల గురించే రాశారు. అవి ఎందుకొచ్చాయో కూడా రాస్తే బాగుండేది. రైలు కంపెనీలు టికెట్లు అమ్ముకోడానికి సముద్రం ఒడ్డున హోటలూ కోర్సూ కట్టించాయి, టర్న్‌బెరీ హోటలు 1906లో అలా వచ్చిందే, దాని కోర్సు మీదే రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల రన్‌వేలు వేశారు. అబర్దీన్‌కి ఉత్తరాన క్రూడెన్ బేలో 1899లో ఇంకో రైల్వే హోటలు ఇంతకన్నా ఆర్భాటంగా వెలిసింది. యుద్ధం తర్వాత దాన్ని కూల్చేశారు. కోర్సు మాత్రం ఉంది, జనం ఇప్పటికీ దాని కోసం వెళ్ళి ఊళ్ళో చిన్న హోటళ్ళలో దిగుతున్నారు.

సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ గురించి కూడా మీ పాఠకులకి సరైన సమాచారం వెళ్ళలేదు. 'ప్యాకేజీ కొంటేనే ఆడనిస్తారు' అన్నట్టు రాశారు. అది ఏ ధనవంతుడి క్లబ్బూ కాదు, ఊరి ఉమ్మడి భూమి, ఒక ట్రస్టు నడుపుతుంది. కొన్ని టైములు టూర్ కంపెనీల ద్వారా పోతాయి, నిజమే, కానీ ఆడే రోజుకి రెండు రోజుల ముందు తీసే లాటరీలో ఎవరైనా పేరు ఇవ్వొచ్చు, దాన్ని బ్యాలట్ అంటారు, కనీసం ఇద్దరుండాలి. ఒంటరిగా వెళ్ళినవాళ్ళు ఒకప్పుడు అర్ధరాత్రి నుంచే క్యూలో నిలబడేవాళ్ళు, 2024 నుంచి వాళ్ళకీ ముందురోజు లాటరీ పెట్టారు. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) రుజువు మాత్రం వెంట ఉండాలి, మన క్లబ్బులో తీసుకున్నది పనికొస్తుంది. సీజన్లో ఫీజు 300 పౌండ్లు దాటింది, మన డబ్బుల్లో ముప్ఫై వేల పైనే, ఆ మాట దాచడం అనవసరం. లాటరీలో పేరు రాకపోతే అదే గట్టు మీద న్యూ కోర్స్ ఉంది, పేరుకే కొత్త, 1895 నాటిది, దానికి తక్కువ, ఆట ఏమీ తక్కువ కాదు. ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు, ఊరి జనం కుక్కల్నీ పిల్లల్నీ తీసుకుని దాని మీద షికారు చేస్తారు. అందుకే అక్కడికి వెళ్ళినా మూడు నాలుగు రోజులు ఉండేలా వెళ్ళాలి, పొద్దున దిగి సాయంత్రం లేచే బస్సువాడికి బ్యాలట్ ఎలా తగులుతుంది?

'కుబేరుల క్రీడ' అని హెడ్డింగ్ పెట్టారు కదా, అదీ నాకు నచ్చలేదు. మన హైదరాబాదులో గేటు, గార్డు, మెంబర్‌షిప్ చూసి అలా అనిపించడం సహజమే. కానీ అక్కడి చరిత్ర వేరు. 1457లో జనం విలువిద్య సాధన మానేసి గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడుతున్నారని స్కాట్లాండ్ పార్లమెంటు రెండింటినీ నిషేధించింది, కుబేరులు మాత్రమే ఆడే ఆటని నిషేధించాల్సిన అవసరం ఏముంటుంది? 1552 నాటి సెయింట్ ఆండ్రూస్ పత్రంలో ఆ ఇసుక నేల మీద ఊరివాళ్ళు ఆడుకోవచ్చని రాసి ఉంది. ఎడిన్‌బరా పక్కనే మసల్‌బరాలో 19వ శతాబ్దం మొదట్లోనే చేపలమ్మే ఆడవాళ్ళు పోటీ పెట్టుకుని ఆడారు. మా విశాఖ హార్బర్లో చేపలమ్మే ఆడవాళ్ళకి ఈ ముక్క చెప్పాలని నాకెప్పట్నుంచో ఉంది. అదే మసల్‌బరా పాత కోర్సు ఇప్పుడు గుర్రప్పందేల మైదానం మధ్యలో తొమ్మిది హోల్స్‌తో ఉంది, చవకగా ఆడుకోవచ్చు. నార్త్ బెరిక్‌లో పిల్లల కోసమే ఒక కోర్సు ఉంది, పెద్దవాళ్ళు అక్కడ ఆడాలంటే పక్కన పిల్లవాడుండాలి. 2003లో వచ్చిన భూమి చట్టం ప్రకారం గోల్ఫ్ కోర్సు మీదుగా ఎవరైనా నడిచి అవతలికి పోవచ్చు, గ్రీన్లు తొక్కకుండా, ఆటకి అడ్డం రాకుండా. మనం కొట్టబోతుంటే ఒక ముసలావిడ కుక్కతో అడ్డంగా వెళ్తుంది, ఆగాలి, అంతే.

అన్నీ మంచివేనని కాదు. నార్త్ బెరిక్‌కి దగ్గర్లోనే ఉన్న మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా తీసుకోడానికి ఒప్పుకున్నది 2017లో, అదీ అంతకుముందు ఏడాది ఓటింగులో కాదనుకుని, ఇక ఓపెన్ మీ దగ్గర పెట్టం అని చెప్పించుకున్నాక. డబ్బున్నవాళ్ళ దర్జా అక్కడా ఉంది, కాకపోతే ఆటంతా అదే కాదు.

తిండి గురించి క్లుప్తంగా. శాకాహారులు భయపడనక్కర్లేదు, పొద్దున ఓట్స్ జావ, బంగాళాదుంప రొట్టెలు, బఠాణీ పప్పులతో చేసిన వెజ్ హ్యాగిస్ కూడా దొరుకుతాయి. నాలాంటి చేపల మనుషులకి పొగబెట్టిన హాడక్ చేపతో చేసే కల్లెన్ స్కింక్ అనే సూపు ఉంది, వానలో పద్దెనిమిది హోల్స్ నడిచొచ్చాక దాని ముందు ఇంకేదీ ఆనదు. అవును, నడకే. బగ్గీలు (కోర్సులో తిరిగే చిన్న బండ్లు) చాలా చోట్ల ఆరోగ్య కారణాలుంటే తప్ప ఇవ్వరు. మన క్లబ్బుల్లోలాగా బ్యాగ్ మోసే మనిషి తనంతట తను వెంట రాడు, క్యాడీ కావాలంటే ముందే చెప్పి విడిగా డబ్బివ్వాలి, లేదంటే ట్రాలీ లాక్కుంటూ పోవడమే. మొదటి రోజు క్యాడీని పెట్టుకోమనే చెబుతాను, గుడ్డిగా కొట్టాల్సిన షాట్లకి ఎటు గురిపెట్టాలో ఆయన చెబితేనే తెలుస్తుంది. మళ్ళీ మళ్ళీ అదే కోర్సు ఆడేవాడికి ఆ ఖర్చు ఒక్కరోజుతో సరి, రోజుకో కొత్త కోర్సు ఆడేవాడికి రోజూ తప్పదు.

ఇంట్లోవాళ్ళు గోల్ఫ్ ఆడరు, వాళ్ళేం చేస్తారు అని అడుగుతారు. మా ఆవిడని అడిగితే చెబుతుంది. నార్త్ బెరిక్ ఎదురుగా సముద్రంలో బాస్ రాక్ అని పెద్ద రాతి దీవి ఉంది, వేసవిలో వేలకి వేలు గానెట్ పక్షులు చేరి ఆ రాయి మొత్తం తెల్లబడిపోతుంది, పడవ మీద దాని చుట్టూ తిప్పి తీసుకొస్తారు. ఊరి వెనక గుండ్రటి కొండ ఎక్కొచ్చు, మే నెలలో అయితే దారి పొడుగునా పసుపు పూల గోర్స్ పొదలు, దగ్గరికెళ్తే అచ్చం కొబ్బరి వాసన. అదే గోర్స్‌లోకి బంతి పోతే ముళ్ళల్లోంచి తీసే పని పెట్టుకోకండి, వదిలేయండి. విసుగొస్తే రైలెక్కి ఎడిన్‌బరా వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. బస్సు యాత్రలో ఆడనివాళ్ళకి మిగిలేది క్లబ్‌హౌసు కుర్చీయే.

చివరిగా ముఖ్యమైన సంగతి, అసలు ఈ ఉత్తరం వెంటనే రాయడానికి కారణం కూడా అదే. వ్యాసం కింద డబ్బాలో 'వెళ్ళడానికి అనువైన కాలం: డిసెంబరు, జనవరి, రద్దీ ఉండదు, రేట్లు తక్కువ' అని వేశారు. రద్దీ ఎందుకుంటుందండీ, డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం మూడున్నర దాటగానే పొద్దుగూకుతుంది. చలికాలంలో ఓల్డ్ కోర్స్‌లో గడ్డి పాడవకుండా ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య పొట్టిగా కోసిన గడ్డి) మీద చిన్న మ్యాట్ వేసుకుని దాని మీద నుంచి కొట్టమంటారు. లింక్స్ నేల మీద ఆడాలని లక్షలు పెట్టుకుని వెళ్ళి మ్యాట్ మీద ఆడి రావడం ఎవరికీ వద్దు. మే నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలమని, వీసాకీ పేరున్న కోర్సుల టీ టైములకీ నెలల ముందే పూనుకోవాలని, వచ్చే ఆదివారం అదే చోట సవరణ వేయించండి. సంక్రాంతి సెలవులకి టికెట్లు చూస్తున్నామని మా క్లబ్బులోనే ఇద్దరు నాకు ఆ పేజీ చూపించారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం